బోటు లేని బోట్ మెయిల్: ధనుష్కోటి రైలు ఊరు

"ఆసేతు హిమాచలం" అని తెలుగు పేపర్లలో రాస్తానే ఉంటారు. ఎన్నికలొస్తే ఒకసారి, క్రికెట్ గెలిస్తే ఒకసారి. అందులో హిమాచలం అంటే ఏదో అందరికీ తెలుసు. సేతువు అంటే మాత్రం చాలామందికి రామాయణంలో కోతులు కట్టిన వారధి, అంతటితో సరి. తమిళనాడులో ఉండే మనకు అది ఒక రేవు, ఒక రైల్వే స్టేషను, ఒక పోస్టాఫీసు ఉండిన ఊరు. 1914 నుంచి 1964 దాకా ఆ ఊరికి టికెట్టు ఇచ్చేవాళ్ళు. మదురైలో రైలెక్కి సేతువులో దిగినవాళ్ళు మన ఇండ్లల్లో ఇంకా ఒకరిద్దరు ఉండారు. ఆ ఊరి సంగతే ఇది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దీని మీద మా ఇంట్లో ప్రతిసారీ వాదన వస్తుంది. ఊరి పేరు ధనుష్కోటి. కోటి అంటే సంస్కృతంలో కొన, అంచు. లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు విభీషణుడు వేడుకుంటే రాముడు వింటికొనతో వారధిని తెగగొట్టినాడని స్థలపురాణం. తమిళ లిపిలో ట-కీ డ-కీ ఒకటే అక్షరం, మాట నడుమ ఒంటిగా వస్తే దాన్ని డ అని పలుకుతారు. అందుకే మనం కోటి రూపాయలు అనేదాన్ని వాళ్ళు కోడి అంటారు, ధనుష్కోటి ధనుష్కోడి అయింది. రైల్వేవాళ్ళు ఇంగ్లీషులో రాసింది ఆ తమిళ పలుకుబడినే, బోర్డులెక్కిందీ అదే. ఇప్పుడు తెలుగు యూట్యూబు వీడియోల్లో కూడా "ధనుష్కోడి" అనే అంటా ఉండారు. మా సాత్తూరు పక్క పల్లెల్లో పెద్దవాళ్ళు ఇండ్లల్లో టకారంతోనే చెప్తారు, బయట తమిళంలో మాట్లాడేటప్పుడు డకారంతో. ఒకే మనిషి, ఒకే ఊరు, నోట్లో రెండు రకాలు. మా పిల్లలకైతే కోడి అంటే కోడిపుంజే, విని నవ్వుతారు. నవ్వనీ, అడిగినప్పుడు ఈ లిపి సంగతి చెప్పడానికి అదొక సందు.

ఇక ఊరు ఎట్లా పుట్టిందో చూద్దాం. సిలోనుకు పోవాలంటే మొదట్లో తూత్తుక్కుడి దారి. రైలు అక్కడికి 1876లో చేరింది, అక్కడ పడవెక్కితే కొలంబో. సముద్రం మీద దూరం ఎక్కువ. పాంబన్ దీవి కొన నుంచి అవతల తలైమన్నారుకు ఇరవై మైళ్ళు పైచిలుకే. ఇక్కడిదాకా పట్టాలు వేసి, అక్కడ నుంచి సిలోనువాళ్ళు పట్టాలు వేస్తే, నడుమ చిన్న స్టీమరు చాలు. మదురై నుంచి మండపం దాకా పట్టాలు 1902కే వచ్చినాయి. మిగిలింది పాంబన్ కాలువ. దాని మీద రెండు కిలోమీటర్లకు పైన పొడుగున వంతెన కట్టి, నడుమ పడవలు పోయేదానికి పైకి లేచే భాగం పెట్టి, 1914 ఫిబ్రవరి 24న తెరిచినారు. ఆ ఏడే తలైమన్నారు వైపు పట్టాలూ సిద్ధమైనాయి. మద్రాసులో ఒక టికెట్టు కొంటే కొలంబో దాకా చెల్లేది. రైలు, స్టీమరు, మళ్ళీ రైలు. ఎగ్మూరులో బయలుదేరే ఆ బండికి బోట్ మెయిల్ అని పేరు పడింది. మా తాత నోట్లో అది "బోట్‌మేలు".

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇప్పుడు అందరూ రామేశ్వరం పెద్ద, ధనుష్కోటి దాని వెనకాల తోక అనుకుంటారు. రైలు లెక్కలో అది తలకిందులు. పాంబన్ జంక్షను. అక్కడ నుంచి అసలు లైను ధనుష్కోటికి పోయేది, రామేశ్వరానికి పోయేది కొమ్మ. యాత్రకు పోయినవాళ్ళు పాంబన్‌లో బండి మారాల్సి వచ్చేది. బోట్ మెయిల్ రామేశ్వరం గుడి కోసం నడిచిన బండి కాదు. సిలోను వ్యాపారం, సిలోను తేయాకు తోటలు, సిలోను టపా, వీటి కోసం నడిచింది. దేవుడి దర్శనం ఆ పట్టాల మీద దొరికిన కొసరు.

ఇసక తిన్నె మీద ఊరు. ఒక పక్క పాక్ జలసంధి, ఇంకో పక్క మన్నారు సింధుశాఖ. పురాణం పేర్లలో మహోదధి, రత్నాకరం. అక్కడి చేపలుపట్టేవాళ్ళ మాటలో పెణ్ కడల్, ఆణ్ కడల్. ఒకటి నిదానంగా ఉంటుంది, ఇంకోటి ఎగిసిపడతా ఉంటుంది. మా ఇండ్లల్లో ఆడ సముద్రం, మొగ సముద్రం అని ఆ మాటనే తెలుగు చేసి చెప్పేవాళ్ళు. ఈ రెండిటి నడుమ స్టేషను, రేవు ఆఫీసు, సుంకం ఆఫీసు, పోస్టాఫీసు, బడి, ఆసుపత్రి, చర్చి, గుడి, సత్రాలు, రైల్వే మనుషుల ఇండ్లు, వీటన్నిటి చుట్టూ గుడిసెలు. పగడపు రాయి, సున్నంతో కట్టిన గోడలు కొన్ని ఈనాటికీ నిలిచుండాయి. ఇసక తప్ప ఇంకేమీ పండని చోట ఊరు బతికిందంటే రైలు దిగి ఓడ ఎక్కే ఆ కొంచెం సేపు వల్లనే. ఆ సేపులో సామాను మోయాల, సుంకం వాళ్ళకు పెట్టె తెరిచి చూపాల, తినాల, తాగాల, ఉత్తరం వెయ్యాల. ఒక్కొక్క పనికీ ఒక కుటుంబం బతికేది. ఇర్విన్, గోషెన్ అని స్టీమర్ల పేర్లు, ఇద్దరు దొరల పేర్లు. అవి తెలియని ముసలోళ్ళు ఆ వైపు లేరు.

ఆ దారిన పోయిన మనవాళ్ళు రెండు రకాలు. ఒక రకం గురించి చెప్పుకుంటాము. రెండో రకం గురించి చెప్పుకోము. నేను ఇది రాయడానికి అసలు కారణం అదే.

మొదటి రకం యాత్రికులు. కాశీయాత్ర అంటే కాశీకి పోయి రావడం కాదని మన పెద్దవాళ్ళకు తెలుసు. ముందు సేతువులో స్నానం చెయ్యాల, అక్కడి ఇసక మూట కట్టాల, దాన్ని ప్రయాగకు తీసుకుపోయి త్రివేణిలో కలపాల, అక్కడ నుంచి గంగ తెచ్చి రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయించాల. అప్పుడు గాని యాత్ర ముగియదు. రైలు రాక ముందు ఇది నెలల పని, దోపిడీల భయం ఉన్న దారి. మదురై నాయకరాజు ముద్దుకృష్ణప్ప నాయకుడు పదిహేడో శతాబ్దం మొదట్లో సడైక తేవరును సేతుపతిగా నిలబెట్టింది ఆ దారికి కాపలా కోసమే అని చరిత్రలో చెప్తారు. తెలుగు మాట్లాడే రాజు, మరవ సేనాపతి, సంస్కృతం బిరుదు, తమిళ నేల. మనం ఈ దక్షిణాన ఎట్లా కలిసిపోయినామో చెప్పడానికి ఈ ఒక్క నియామకం చాలు, కానీ అది వేరే కథ.

మా అవ్వ 1962లో పోయి వచ్చింది. మదురైలో రామేశ్వరం బండి, పాంబన్‌లో దిగి ధనుష్కోటి బండి. పులిసాదం, వేయించిన మిరపకాయలు కట్టుకొని పోయినారంట. ఇసకలో కాళ్ళు కాలి, స్టేషను నుంచి నీళ్ళ దాకా పరుగెత్తినారంట. సంకల్పం చెప్పించిన అయ్యవారు వీళ్ళు తెలుగువాళ్ళని తెలిసి తెలుగులో గోత్రం అడిగినాడని అవ్వకు శానా సంతోషం, అది పదేపదే చెప్పేది. తెచ్చిన సేతు ఇసక పసుపుగుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టింది, ప్రయాగకు పోయేటప్పుడు తీసుకుపోదామని. పోవడం కుదరలేదు. మూట ఇంకా మా పెద్దమ్మ ఇంట్లో ఉండాది. ఆ ఇసక ఎత్తిన రేవు మాత్రం లేదు.

రెండో రకం పోయింది కండిసీమకు. మా పక్క పల్లెల్లో సిలోనుకు పాత పేరు అది, కండి రాజ్యం పేరు మీద వచ్చింది. తేయాకు తోటలకు కూలి కోసం పోయినవాళ్ళు లక్షల్లో ఉండారు, ఎక్కువమంది తమిళులు. వాళ్ళల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు కూడా ఉండారు. తోటల్లోనే కాదు, అక్కడి పట్నాల మునిసిపాలిటీల పాకీ పనికి కూడా వాళ్ళనే పెట్టినారు. ఉత్తరాంధ్ర నుంచి రంగూనుకు పోయినవాళ్ళ గురించి తెలుగులో అంతో ఇంతో రాసుకున్నారు. అక్కడ మేస్త్రీ ఎట్లాగో ఇక్కడ కంగాణి అట్లా. ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చి మనుషుల్ని పోగుచేసేది కంగాణి. తోటలో వాళ్ళ మీద పెత్తనం చేసేదీ వాడే, వాళ్ళ అప్పు లెక్క రాసేదీ వాడే. పోయేవాళ్ళను మండపం క్యాంపులో కొన్ని రోజులు ఆపి, రోగాలేమైనా ఉండాయా అని చూసి, టీకాలేసి, అప్పుడు ఓడకు పంపేవాళ్ళు. మనిషికొక తగరపు బిళ్ళ. దాని మీద తోట గుర్తు, నంబరు. చదువు రానివాళ్ళు దారి తప్పకుండా ఆ బిళ్ళ చూసి రైలువాళ్ళు, ఓడవాళ్ళు తోట దాకా చేర్చేవాళ్ళు. దారి ఖర్చు తోట లెక్కలో పడేది. టికెట్టు కొని యాత్రకు పోయిన మా అవ్వకూ, మెడలో బిళ్ళ వేసుకొని పోయిన పక్క వాడ మనిషికీ నడుమ తేడా అక్కడ ఉంది. పట్టాలు మాత్రం ఒకటే.

1939లో ఇండియా సర్కారు కూలీలు సిలోనుకు పోకుండా ఆపింది. అయినా అక్కడ ఉన్నవాళ్ళు వచ్చిపోవడం ఆగలేదు. పెండ్లికి, చావుకు, అమ్మవారి జాతరకు అదే ఓడ, అదే ధనుష్కోటి. స్వాతంత్ర్యం తరువాత పాస్‌పోర్టులు, వీసాలు వచ్చినాయి. సుంకం వాళ్ళ సోదాలు పెరిగినాయి. 1964 అక్టోబరు 30న సిరిమావో–శాస్త్రి ఒప్పందం కుదిరింది. అక్కడ ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా నిలబడిన తోట జనంలో 5,25,000 మందిని ఇండియా వెనక్కి తీసుకోవాలని అందులో తీర్మానం. మూడు తరాల ముందు ఏ దారిన పోయినారో ఆ దారినే వెనక్కి రావాల్సినవాళ్ళు. సంతకాలు పడి రెండు నెలలు నిండకుండానే ఆ దారి చివరి ఊరు పోయింది.

గాలివాన సంగతి అందరికీ తెలిసినదే, ఎక్కువ చెప్పను. అండమాను పక్క పుట్టిన వాయుగుండం సిలోను మీదుగా వచ్చి 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ దీవిని కొట్టింది. పాంబన్‌లో అర్ధరాత్రికి కొంచెం ముందు బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి దగ్గరికి వచ్చి, సిగ్నలు వెలగక ఆగి, మళ్ళీ కదిలి, అలలో పోయింది. అందులో వందమందికి పైగా ఉండారు, ఒక్కరూ మిగల్లేదు. దీవి మొత్తంలో చచ్చిపోయినవాళ్ళు 1800 దాకా అని అంచనా. సినిమా సావిత్రి, జెమినీ గణేశన్ అప్పుడే రామేశ్వరం వచ్చి ఆ వానలో చిక్కుకొని బయటపడినారు. తెలుగువాళ్ళల్లో చాలామందికి ధనుష్కోటి అంటే గుర్తొచ్చేది ఈ ఒక్క ముక్క. గుర్తుండనీ, తప్పేం లేదు. కానీ యాభై ఏండ్లు బతికిన ఊరు ఒక రాత్రి చావుతోనే గుర్తుంటే, ఆ యాభై ఏండ్లూ ఎవరి ఖాతాలో వెయ్యాల?

తరువాత జరిగింది చూస్తే సర్కారుకు ఏది కావాలో తెలుస్తుంది. పాంబన్ వంతెనలో 145 దూలాల్లో 126 కొట్టుకుపోయినాయి. ఆరు నెలలు పడుతుందన్నారు, మూడు నెలల్లో కావాలన్నారు. ఆ పని మీద పెట్టిన చిన్న వయసు ఇంజనీరు శ్రీధరన్, తరువాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే, సముద్రంలో పడిన దూలాలను పైకి తీయించి 46 రోజుల్లో బండి నడిపించినాడు. గొప్ప పనే. అయితే బండి నడిచింది రామేశ్వరానికి. ధనుష్కోటి మనుషులు ఉండేదానికి పనికిరాదని మదరాసు సర్కారు చెప్పేసింది, పట్టాలు అక్కడికి మళ్ళీ వెయ్యలేదు. ఓడను రామేశ్వరానికి మార్చినారు. తోటల నుంచి వెనక్కి వచ్చినవాళ్ళల్లో శానామంది దిగింది అక్కడే. 1980లలో సిలోనులో యుద్ధం రేగి ఆ ఓడ కూడా ఆగిపోయింది. ఆ తరువాత మండపం క్యాంపు కాందిశీకులకు ఇల్లు అయింది. ఒకప్పుడు కూలీలను అవతలికి పంపేదానికి కట్టిన చోట, అవతల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు.

కొమ్మ లైను అసలు లైను అయింది, అసలు లైను ఇసకలో పోయింది. ఎగ్మూరు–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌ను ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తారు, బోటు లేక నలభై ఏండ్లు దాటినా. 2019లో రామేశ్వరం నుంచి ధనుష్కోటికి మళ్ళీ పట్టాలు వేస్తామని శంకుస్థాపన చేసినారు, పట్టాలు రాలేదు. 2025 ఏప్రిల్లో పాంబన్‌కు కొత్త వంతెన వచ్చింది, 1914 నాటి పాతది పక్కన ఖాళీగా నిలబడింది.

నేను మొదటిసారి పోయినప్పుడు రోడ్డు లేదు. ఇసకలో, నీళ్ళల్లో ఈడ్చుకుంటా పోయే వ్యాను. 2017లో కొన దాకా తారు రోడ్డు పడింది. ఇప్పుడు బస్సులు, కార్లు, గవ్వల అంగళ్ళు, చర్చి గోడ ముందు ఫోటోలు. బోర్డుల మీద, వీడియోల మీద "దయ్యాల ఊరు" అని రాస్తారు. ఆ మాట నాకు ఒళ్ళు మండిస్తుంది. అక్కడ చేపలు పట్టి బతికేవాళ్ళు ఉండారు, గాలివాన తరువాత వెనక్కి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మనుషులున్న ఊరిని దయ్యాల ఊరు అనడమేంది? ఫోటో తీసుకున్నవాళ్ళను నేను అడిగి చూసినాను, ఇది స్టేషనా, సుంకం ఆఫీసా, నీళ్ళ తొట్టా అని. కూలిన గోడ అన్నారు. గోడ నిలబెట్టడం ఆర్కియాలజీవాళ్ళ పని, ఉప్పుగాలికి అది ఎన్నాళ్ళుంటుందో ఉంటుంది. ఆ గోడ లోపల ఏమి జరిగేదో చెప్పగలిగినవాళ్ళు మన ఇండ్లల్లో ఉండారు, అది మన పని.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "గాలివాన రోజు ఏమైంది?" అని అడిగితే పేపర్లో చదివింది, సినిమాల్లో చూసింది కలిపి చెప్తారు. పాంబన్‌లో బండి మారేదానికి ఎంతసేపు పట్టేది, సామాను ఎవరు మోసేవాళ్ళు, తాగే నీళ్ళు ఎక్కడ పట్టుకున్నారు, అంగట్లో ఏ బాషలో బేరమాడినారు అని అడగండి. అప్పుడు మాటలు వస్తాయి. మా పెద్దమ్మ నోట్లో నుంచి కండిసీమ, కంగాణి, మొగ సముద్రం అట్లా అడిగితే వచ్చినవే. తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇడైసేవల్ అనే పల్లెలో కూర్చొని కరిసల్ సీమ తమిళ మాటలన్నీ ఏరి 1982లో నిఘంటువు వేసినాడు. ఆయన వ్యవసాయదారుడు, బడి చదువు పెద్దగా లేదు. ఆయన తమిళానికి చేసినది మన ఇంటి తెలుగుకు చెయ్యడానికి యూనివర్సిటీ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు, ఓపిక చాలు. 1964లో ఇరవై ఏండ్లున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటింది. వాయిదా వేసేదానికి లేదు.

యాత్ర కథలు ఎట్లాగైనా దొరుకుతాయి. నాకు ఎక్కువ కావాల్సింది కండిసీమ కథలు. వాటిని అడిగేదానికి మన వీధి దాటి పోవాల. అరుంధతీయుల ఇండ్లల్లో మాట్లాడే తెలుగును మన సంఘాల మీటింగుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "మనవాళ్ళు" అన్నప్పుడు ఆ వాడను వదిలేసి లెక్కపెడతారు. సముద్రం దాటి పోయి, మూడు తరాలు అక్కడ ఉండి, తెలుగు మరవకుండా వెనక్కి వచ్చినవాళ్ళు వాళ్ళల్లో ఉండారు. వాళ్ళ తెలుగులో సింహళం మాటలు ఏవి చేరినాయి, తోట మాటలు ఏవి మిగిలినాయి, మనకు పోయిన పాత మాటలు ఏవి వాళ్ళ దగ్గర ఉండాయి, ఇవన్నీ వినాల్సినవి.

ఎవరింట్లోనైనా ఆ తగరపు బిళ్ళ ఉంటే, పాత బోట్ మెయిల్ టికెట్టు ముక్క ఉంటే, తలైమన్నారు ముద్ర పడిన పాస్‌పోర్టు ఉంటే ఫోటో తీసి పెట్టండి. రెండు పక్కలా తీయండి, నంబరు కనపడేటట్లు. అది ఎవరిదో, ఏ ఊరి నుంచి పోయినారో, ఇంట్లో వాళ్ళు దాన్ని ఏమని పిలిచేవాళ్ళో ఆ పక్కనే రాయండి. చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు పోతాయి.